వెయిటింగ్ లిస్టులో పెట్టినందుకు కృతజ్ఞతలతో

ఏప్రిల్ పదిహేను, సాయంత్రం నాలుగు గంటలు. సింకు నిండా సీసాలు, పక్క బల్ల మీద తెరిచి ఉన్న కంప్యూటరులో ఒకే ఒక్క వాక్యం. సీసాలు ఒక్కొక్కటే శుభ్రపడుతున్నాయి గానీ వాక్యం మాత్రం పడిన చోటి నుంచి లేవడం లేదు. "గౌరవనీయులైన అడ్మిషన్ కమిటీ వారికి, నన్ను వెయిటింగ్ లిస్టులో పెట్టినందుకు మనఃపూర్వక" అన్నంత వరకూ వచ్చి ఆగిపోయింది మార్నా టాలెఫ్‌సన్. మనఃపూర్వక తర్వాత ఏం రావాలో నలభై మూడేళ్ళ మనిషికి తెలియక కాదు. కృతజ్ఞతలు రావాలి. కానీ మనఃపూర్వకం అన్నాక ముందు మనసు రావాలి, అదే రావడం లేదు. తొడుగులు వేసుకున్న చేతులతో సీసా అందుకోవడం, శుద్ధజలంతో మూడుసార్లు తొలవడం, బోర్లించడం, వాక్యం వంక చూడటం, మళ్ళీ సీసా. దేశం మొత్తం మీద డాక్టరేటు సీట్లకి ఈ రోజే గడువు, ఈ ఆఫీసులో రోజంటే ఐదింటి దాకానే. సీటు వచ్చినవాళ్ళు అవుననో కాదనో చెప్పి తీరాలి, వాళ్ళు కాదన్న సీటు లిస్టులో కూర్చున్నవాళ్ళకి పోవాలి. కూర్చున్నవాళ్ళు అనడం కూడా తప్పే. సీటు లేనివాళ్ళు కూర్చునేదెక్కడ, నిలబడతారు. మార్నా నెలన్నర నుంచీ నిలబడే ఉంది, పద్నాలుగేళ్ళుగా తను జీతానికి పనిచేస్తున్న ఇదే ప్రయోగశాల గుమ్మంలో, తను కడిగిన సీసాల ఎదురుగా.

వెచ్చగా రాయమన్నాడు పొద్దున ప్రయోగశాల అధిపతి డాక్టర్ వీలన్, కాఫీ కప్పుతో తలుపు దగ్గర ఆగి. "చిన్న థాంక్యూ పడెయ్యి మార్నా, వెచ్చగా. కమిటీకి ఇలాంటివి గుర్తుంటాయి. పద్ధతి కదా." వెచ్చగా అట! ఏప్రిల్ సగం గడిచినా కిటికీ బయట అఖాతంలో మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి, ఆగ్నెస్ హార్బర్‌లో ఎవరూ ఇంకా శీతకాలపు బూట్లు అటకెక్కించలేదు, ఇందులో వెచ్చదనం ఎక్కణ్ణుంచి తెచ్చి పొయ్యాలి? మంచుకీ మంచికీ ఆ ఊళ్ళో పెద్ద తేడా లేదు. రెండూ మోకాలి లోతున పేరుకుంటాయి, రెండిటి మీదా జారిపడవచ్చు, రెండిటి అడుగునా ఏముందో వసంతం వస్తే గానీ తెలియదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టి, ఒక సుపీరియర్ కింద పద్నాలుగేళ్ళు పనిచేసినా, తను ఎవరికైనా సుపీరియర్‌నేమో అన్న అనుమానం మార్నాకి నలభై మూడేళ్ళలో ఒక్కసారీ రాలేదు. రానిచ్చేది కాదు వాళ్ళమ్మ ఆర్డిస్. లోకంలో సామ్యవాదం ఉంది, భౌతికవాదం ఉంది, ఆర్డిస్ టాలెఫ్‌సన్‌ది ధన్యవాదం. పుట్టినరోజు కానుక ఇచ్చినవాళ్ళకి ధన్యవాదాల కార్డు, ఆ కార్డు అందిందని రాసినవాళ్ళకి ఇంకో కార్డు, పన్ను పీకిన డాక్టరుకి కార్డు, ఒకసారి కారు వేగంగా నడిపిందని జరిమానా చీటీ రాసిన పోలీసుకి కిటికీలోంచి నవ్వుతూ థాంక్యూ, వెనక సీట్లో ఎనిమిదేళ్ళ మార్నాకి మోచేతి పోటు, చెప్పవే నువ్వు కూడా. చెప్పింది. అంకుల్ థాంక్యూ అంది. అప్పటి నుంచీ చెబుతూనే ఉంది.

బల్ల మీద ఫోను మోగింది. ఆర్డిసే. తొడుగు తీయకుండా మోచేత్తో స్పీకరు నొక్కింది.

"రాశావటే?"

"రాస్తున్నానమ్మా."

"చేత్తో రాయి. కంప్యూటరులో కొడితే దానికి విలువేం ఉంటుంది? నీలం సిరా. నల్లసిరా చావు కబురులా ఉంటుంది."

"సీటివ్వని వాళ్ళకి ఏ సిరా అయితే ఏంటమ్మా."

"అదిగో, ఆ మాటే వద్దన్నాను. పాపం నీ దరఖాస్తు కూర్చుని చదివారా లేదా? వాళ్ళకి మాత్రం వేరే పనుల్లేవూ? కుదరదన్న ఆ ముగ్గురికీ రాశావా?"

రాసింది. అదే కదా సిగ్గు. ఐదు చోట్ల దరఖాస్తు పెడితే మూడు చోట్ల కుదరదన్నారు, ఆ ముగ్గురికీ, నన్ను పరిశీలించినందుకు, మీ అమూల్యమైన సమయానికి, మీ కొత్త విద్యార్థులకి అన్నివిధాలా, అంటూ వరసగా రాసింది. ఇద్దరు జవాబివ్వలేదు. మూడో చోటి నుంచి అరనిమిషంలో జవాబొచ్చింది, మీ ఉత్తరానికి కృతజ్ఞతలు, ఈ చిరునామాకి వచ్చే ఉత్తరాలు ఎవరూ చదవరు, అని. యంత్రం కూడా థాంక్యూ చెప్పేసింది. యంత్రాన్ని ఆర్డిసే పెంచిందేమో. పెట్టేస్తున్నానమ్మా, సీసాలున్నాయి, అంటే, ఫోన్ చేసినందుకు థాంక్యూ అంది ఆర్డిస్, చేసింది తనే అయినా. ఫోను ఆరిపోయింది. వాక్యం ఆరలేదు, దాని చివర గీత ఆరుతూ వెలుగుతూ, ఆరుతూ వెలుగుతూ, ఏం అమ్మాయ్, మనసొచ్చిందా, రాలేదా, అన్నట్టు.

అసలు తప్పెవరిదని మొదలుపెడితే, మంచు మీద గంట సేపు వెనక్కి నడిచినట్టే, ఎక్కడ పగులు మొదలైందో కనబడదు. అక్టోబరులో పడవ మీద అనుకుందాం. ఆ యేటి ఆఖరి నీటి నమూనాలు తీసుకుని తిరిగొస్తున్నారు. వీలన్ చుక్కాని దగ్గర, మార్నా తాళ్ళ దగ్గర. గాలి మీద గొంతెత్తి అన్నాడు ఆయన, "మార్నా, వచ్చే ఏడు నా దగ్గర డాక్టరేట్ సీటు ఒకటుంది. నువ్వు చేరకూడదూ?" గుండె తాడు వదిలేసిన లంగరులా దబ్బున దిగింది. నోరు మాత్రం తన పద్ధతి తను చూసుకుంది. "అయ్యో, నాకెందుకండీ, చిన్నవాళ్ళు ఎవరైనా ఉంటారు." అది వద్దనడం కాదని ఆ ఒడ్డున పుట్టిన పసిపిల్లకి కూడా తెలుసు. కాఫీ తాగుతారా అంటే అబ్బే వద్దండీ అనాలి, పోనీ కాస్త అంటే ఎందుకండీ మీకు శ్రమ అనాలి, మూడోసారి కప్పు చేతిలో పెట్టబోతే సరే, అరకప్పు చాలు అని నిండు కప్పు తాగాలి. ఒక్కసారికే ఊఁ అన్నవాడి గురించి ఆ ఊళ్ళో చర్చి మెట్ల మీద చెప్పుకుంటారు. పళ్ళెంలో నిమ్మకాయ బారు అనే పుల్లతీపి బిళ్ళల్లో ఆఖరి ముక్క మిగిలితే ఎవరూ తీసుకోరు. ఎవరో సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం, చివరికి చీమ కూడా మొహమాటపడేంత ముక్క పళ్ళెంలో పడి ఉంటుంది, గిన్నెలు కడిగే ఆవిడ దాన్ని పారేస్తుంది. డిసెంబరులో ప్రయోగశాల విందులో, ఓవెన్‌లోంచి తీసిన బంగాళాదుంపల హాట్‌డిష్ ముందు వరసలో నిలబడి, వీలన్ రెండోసారి అడిగాడు. "ఆలోచించావా ఆ సంగతి?" "మీరు అంత శ్రమ పడకండి, నా వల్ల ఏమవుతుంది," అంది మార్నా, లోపల ఒకటే ఉత్సాహం, రెండు అయిపోయాయి, ఇక ఒక్కటే.

ఆ ఒక్కటీ రాలేదు. జనవరి అంతా ఎదురు చూసింది. ఉన్నంతలో మంచి స్వెటరు వేసుకొచ్చింది, ఆయన గది ముందు అవసరం లేకపోయినా నాలుగుసార్లు సీసాల బండి తోసుకెళ్ళింది, ఆయన తలెత్తి చూసినప్పుడల్లా, ఇదిగో, ఇప్పుడు, అనుకుంది. ఆయన తలెత్తింది గడియారం చూడటానికి. వీలన్ పుట్టి పెరిగింది న్యూజెర్సీలో. అక్కడ వద్దంటే వద్దనేనట అర్థం! ఎంత మొరటు జనం! వద్దన్న మనిషిని నిజంగానే వదిలేస్తారట! అయినా ఆయన ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు, ఇరవై చలికాలాలు గడ్డకట్టినా ఈ ఒక్క ముక్క ఆయనకి అంటుకోలేదు. చివరికి దరఖాస్తుల ఆఖరి రోజున తనే కూర్చుని తన దరఖాస్తు తను పెట్టుకుంది, ఎవరూ చూడకుండా ఆఖరి ముక్క నోట్లో వేసుకున్నంత సిగ్గుతో. ఊరికే ఉండలేక ఇంకో నాలుగు చోట్ల కూడా పెట్టింది. అప్పటికే సీటు ఒహాయో నుంచి దరఖాస్తు పెట్టిన టెస్సా అనే అమ్మాయి పేరు మీద ఉంది. ఆ అమ్మాయి ఊరు చూడ్డానికి వస్తే విమానాశ్రయం నుంచి కారులో తీసుకొచ్చిందెవరు? మార్నా. అఖాతం మీదికి నడిపించి, మంచుకి కన్నం వేసి, నలుపు తెలుపు రంగులేసిన పళ్ళేన్ని తాడుకి కట్టి నీళ్ళలోకి వదిలి, ఎంత లోతున కనబడకుండా పోతుందో అంత తేట అన్నమాట అని చూపించిందెవరు? మార్నాయే. పళ్ళెం మెల్లగా దిగుతూ తెల్లగా, ఆకుపచ్చగా, లేనట్టుగా అయ్యింది. ఆ అమ్మాయి మోకాళ్ళ మీద వంగి ఎంతసేపు చూసిందో. మంచి పిల్ల. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని మార్నా చాలా కష్టపడింది, కుదరలేదు. మార్చిలో లిస్టు ఉత్తరం వచ్చాక వీలన్‌ని అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రెండుసార్లు అడిగానా? రెండుసార్లూ వద్దన్నావా? ఇంకేం చెయ్యను నేను?" మూడోసారి అడగాలి కదా అని ఎలా చెప్పడం? అడగమని అడగడం అడుక్కోవడమే. సరే, పర్వాలేదు, థాంక్యూ, అంది. దేనికి థాంక్యూ? తను కూడా ఆలోచించుకోలేదు.

మూడుసార్లు తొలిచి బోర్లించింది. ఇంకో సీసా. వీలన్ కొత్త వ్యాసం గోడకి అంటించి ఉంది, మెరిసే కాగితం మీద, పైన ఆరు పేర్లు. ఆ ఆరులో మార్నా లేదు. మార్నా అడుగున ఉంది, ఆఖరి పేరాలో. సాంకేతిక సహాయానికి ఎం. టాలెఫ్‌సన్‌కి రచయితల కృతజ్ఞతలు. పద్నాలుగేళ్ళలో పదకొండు వ్యాసాలు, పదకొండు ఆఖరి పేరాలు. పేరాలో పేరున్నవాళ్ళకి పేరు రాదు. ఒకసారి ఆమెని పడవలో డీజిలు పోసినాయనకీ ప్రింటరు బాగుచేసినాయనకీ మధ్య ఇరికించారు, ముగ్గురికీ కలిపి ఒకే థాంక్యూ, సగం కోసి, అందులో సగం కోసి. అదీ పోనీ. ఆరో చలికాలంలో, మంచు మీద హిమం పల్చగా పడిన ఏడాది, ఫిబ్రవరిలోనే పళ్ళెం పది అడుగుల లోపే మాయమవడం చూసింది మార్నా. మంచు పైన మనుషులు చలికి నీలుక్కుపోతుంటే కింద నీళ్ళు పచ్చబడుతున్నాయి, వసంతం అక్కడ ముందే మొదలైపోతోంది. ఇంటికెళ్ళి పాత కొలతల పుస్తకాలు తిరగేసి, హిమం పల్చనైన ప్రతి ఏడూ అలాగే ఉందని చూసుకుని, మర్నాడు వీలన్‌కి చెప్పింది, నాకేదో అనిపించిందండీ, తప్పయితే ఏమీ అనుకోకండి, అంటూ. ఏమీ అనుకోలేదాయన. మూడేళ్ళ తర్వాత అదే వ్యాసం పేరయ్యింది, మంచు కింది వసంతం. దాని కింద ఐదుగురు మగవాళ్ళూ ఒక అమ్మాయీ. ఆఖరి పేరాలో సాంకేతిక సహాయం. దానికి మార్నా ఏం చేసింది? నిమ్మకాయ బార్లు చేసుకొచ్చింది! రెండు పళ్ళేలు! నన్ను గుర్తుపెట్టుకున్నందుకు థాంక్యూ అని ఒక కార్డు, నీలం సిరాతో! ఆ బార్లు ఇప్పుడు గుర్తొస్తే చేతిలో సీసా పగిలిపోతుందేమోనన్నంత పట్టు వచ్చింది వేళ్ళకి. ఆ పంచదార, ఆ వెన్న, ఆ పొద్దున్న ఐదింటికి లేవడం. ఎవరూ ఆఖరి ముక్క తీసుకోలేదు కూడా, తనే ఇంటికి తీసుకెళ్ళి తింది.

ఆ పేరాని చదివిన మనిషి దేశం మొత్తం మీద ఒక్కతే ఉంది. పది రోజుల కిందట ఫోన్ చేసింది, తూర్పున కొండల మధ్య ఇంకో సరస్సు ఒడ్డు నుంచి, డాక్టర్ ఇమానీ ఫ్లెచర్. "మీరేనా ఎం. టాలెఫ్‌సన్? అబ్బ, దొరికారండీ! నేను వ్యాసం తీస్తే ముందు ఆఖరి పేరా చదువుతాను, పని చేసినవాళ్ళు అక్కడే ఉంటారు. పదకొండిట్లో ఉన్నారు మీరు. మీ దరఖాస్తు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మంచు కింది పచ్చదనం ముందు చూసింది మీరే కదూ?" అయ్యో, నేనంత దాన్ని కాదండీ, అంది మార్నా, నోరు తన పద్ధతి తను చూసుకుంటూ. "మార్నా గారూ, ఇది వద్దనడమా?" కాదు కాదు కాదు, అంది మార్నా, మూడుసార్లు, గాభరాగా, అన్నీ ఒకేసారి. ఫ్లెచర్ పెద్దగా నవ్వింది. "సరే. పదిహేనో తారీకు, మీ గడియారంలో ఐదు దాకా ఈ సీటు మీది. సీసాలు కడగడానికి మాకు మిషను ఉంది, మీరు రావాల్సింది మీ ప్రశ్న పట్టుకుని." ఆ సరస్సు ఫోటో చూసింది మార్నా. సన్నగా, పొడుగ్గా, అవతలి ఒడ్డు కనబడుతూ. అవతలి ఒడ్డు కనబడితే అదేం సరస్సు? ఇక్కడ ఒడ్డున నిలబడితే నీళ్ళ అంచు ఆకాశంలో కలిసిపోతుంది, గాలి ఏ దిక్కునుంచి వీస్తే నీళ్ళు ఏ రంగు తిరుగుతాయో కళ్ళు మూసుకుని చెప్పగలదు, ఏ ఏడు మంచు ఎన్ని అంగుళాలో పిల్లల పుట్టినరోజుల్లా గుర్తు. ఇది నాది. ఇక్కడి సీటే కావాలి. ఒక్క ఉత్తరం, నాలుగు వెచ్చటి లైన్లు, టెస్సా గనక రానంటే, కమిటీకి గనక గుర్తుంటే. మనఃపూర్వక, మనఃపూర్వక. గోడ గడియారంలో నాలుగూ ముప్పై రెండు.

తలుపు తోసుకుని లావోన్ వచ్చింది. పేరు లావోన్ గానీ మనిషి చీపురుపుల్ల. అడ్మిషన్ల కాగితాలన్నీ ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేతి మీదుగానే పోతాయి. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది, నవ్వు మాత్రం తగ్గించలేకపోయింది.

"టెస్సా రావట్లేదు అమ్మాయ్. ఇప్పుడే ఉత్తరం పెట్టింది. నాలుగే లైన్లు, ముత్యాల్లా ఉన్నాయి. నాక్కూడా విడిగా ఒక థాంక్యూ పెట్టింది, ముప్పై ఏళ్ళలో ఇది మూడోది. ఆయన ఇటే వస్తున్నాడు. నీ ఉత్తరం వెళ్ళిందా?"

"లేదు లావోన్."

"వెళ్ళలేదా! ఏం చేస్తున్నావే ఇంతసేపూ?"

"సీసాలు."

లావోన్ ఇంకేదో అనేలోపే వీలన్ వచ్చేశాడు, ఈసారి కాఫీ కప్పు లేకుండా, రెండు చేతులూ చాపి, పుట్టినరోజు పార్టీకి వచ్చినట్టు. లావోన్ గోడకి అతుక్కుపోయింది, వినడానికి ఆవిడకి అంత కంటే చోటు అక్కర్లేదు. "మార్నా! సీటు ఖాళీ. చూడు, నేనూ మీ పద్ధతి నేర్చుకున్నాను, మా ఆవిడ చెప్పింది. మూడోసారి అడుగుతున్నా. వస్తావా?" జనవరి అంతా ఏ మాట కోసం సీసాల బండి తోసిందో ఆ మాట నడిచి వచ్చి సింకు పక్కన నిలబడింది. గుండె మళ్ళీ దిగబోయింది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. "పెద్ద మార్పేం ఉండదులే, కంగారుపడకు. పొద్దుటి పూట సీసాలూ నమూనాలూ ఎప్పటిలా నువ్వే చూసుకుంటావు, మధ్యాహ్నం నుంచి చదువు. ముందు ఆ కమిటీ థాంక్యూ పంపెయ్యి, డీన్ గారికి అది ముఖ్యం. లిస్టులో నీ తర్వాత డెన్వర్ ఆయన ఒకడున్నాడు, రెండు పేజీలు రాసి పంపాడు, మహానుభావుడు."

"టెస్సా వచ్చి ఉంటే పొద్దుటి పూట సీసాలు కడిగేదా అండీ?" అంది మార్నా. అడగాలని అడగలేదు. నీళ్ళు కట్టేసిన చప్పుడులో మాట దానంతట అదే బయటికి వచ్చింది.

"టెస్సా ఎందుకు కడుగుతుంది? తను స్టూడెంట్ కదా!"

ఆ మాటకి ఆయనే ముందు ఉలిక్కిపడ్డాడు. లావోన్ నేల వంక చూసింది. మార్నాకి మాత్రం విచిత్రంగా హాయిగా అనిపించింది, పళ్ళెం లోతుకి దిగుతూ దిగుతూ ఎక్కడ మాయమవుతుందో ఆ అంగుళం దొరికినట్టు. ఇదన్నమాట లోతు. ఇంత తేటగా ఇన్నేళ్ళూ కనబడలేదే. మంచు కింది వ్యాసం తిరగరాస్తే నా పేరు పైకొస్తుందా అని ఇంకో ప్రశ్న కూడా అడిగి చూసింది, మర్యాదకి. అదీ, అది మొత్తం ల్యాబుది కదా మార్నా, అన్నాడాయన, మర్యాదగానే.

"అయితే వద్దండీ."

వీలన్ నవ్వుతూ ఆగాడు. ఆగి, లావోన్ వంక చూసి, మళ్ళీ ఇటు చూశాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి? నాలుగోసారి అడగాలా? ఇది నీ వద్దా, మీ ఊరి వద్దా?"

"నాదే."

ఇన్నాళ్ళూ తన వద్ద లేని వద్దు అది. నోట్లోంచి వచ్చాక చూసుకుంటే చిన్న మాట, రెండే అక్షరాలు, చుట్టూ అయ్యోలూ ఎందుకండీలూ పరచకుండా ఒట్టిగా, చలిలో కోటు లేకుండా నిలబడ్డ మనిషిలా. చావలేదు. ఎవరూ చావలేదు. వీలన్ గడియారం చూసుకుని, డీన్‌తో మాట్లాడి వస్తాను, నువ్వు కాస్త స్థిమితపడు, అంటూ వెళ్ళిపోయాడు. స్థిమితంగానే ఉంది మార్నా. తొడుగులు ఊడదీసింది, వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి, కుర్చీ లాక్కుని కూర్చుంది, ఇవాళ మొదటిసారి. ముందు ఫ్లెచర్‌కి. వస్తున్నాను, ఆగస్టులో, నా ప్రశ్న తీసుకుని వస్తున్నాను, ఆఖరి పేరా చదివినందుకు థాంక్యూ. అది నిజంగా ఇవ్వాల్సిన థాంక్యూ, అందుకే బరువుగా లేదు, ఒక్కటే ఉంది, దానికి తోడు ఇంకోటి వెతుక్కోలేదు. పంపేసింది. కిటికీలో మంచు పలకలు మసకబారాయి, ఈ సరస్సు, ఈ సరస్సుని వదిలి, అవతలి ఒడ్డు కనబడే చోటికి. ఏడిస్తే ఏడిచిందిలే. పోతే పోయిందిలే ఒడ్డు. కనబడితే ఈది చూడవచ్చు. నాలుగూ నలభై నాలుగు. ఇప్పుడు కమిటీ. మనఃపూర్వక అన్న చోటికి వెళ్ళి ఒక్కో అక్షరాన్నీ వెనక నుంచి చెరిపింది, క, ర్వ, పూ, నః, మ, అలా గౌరవనీయులైన దాకా. సీసా మూడుసార్లు తొలిచినంత శుభ్రంగా ఉంది పేజీ. రాసింది: "అడ్మిషన్ కమిటీ వారికి. వెయిటింగ్ లిస్టులోంచి నా పేరు తీసేయండి. నా తర్వాత ఉన్న ఆయనకి ఐదులోపే ఫోన్ చేయండి, ఆయన కూడా ఇంకో చోట ఐదింటికే జవాబు చెప్పాల్సి ఉండవచ్చు. పద్నాలుగు చలికాలాల మంచు కొలతల పుస్తకాలు మూడో అరలో ఉన్నాయి, వాటిలో దస్తూరీ నాది, అది ఎవరిదని ఎవరైనా అడిగితే చెప్పండి. మార్నా టాలెఫ్‌సన్." పేరుకి ముందు ఒక లైను ఖాళీ మిగిలింది. వేళ్ళు అలవాటుగా అక్కడికి పోయాయి. ఆర్డిస్ మోచేయి ముప్పై అయిదేళ్ళ దూరం నుంచి పక్కటెముకలో పొడిచింది, చెప్పవే, చెప్పవే నువ్వు కూడా. దేనికమ్మా? నిలబెట్టినందుకా? వాళ్ళకి కావాల్సింది నిజంగా నా మర్యాద అయితే, ఇదిగో మర్యాద, పద్నాలుగు నిమిషాలు మిగిల్చి ఇస్తున్నాను, ఎవరో డెన్వర్ మనిషి ఫోను చేతిలో పట్టుకుని గదిలో పచార్లు చేస్తుంటాడు, పద్నాలుగు నిమిషాలంటే అతనికి నాలుగు లైన్ల కంటే, నీలం సిరా కంటే, రెండు పళ్ళేల బార్ల కంటే ఎక్కువ. నొక్కింది. వెళ్ళిపోయింది.

లావోన్ ఫోనులో టింగుమంది. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని పెదాలు కదుపుతూ చదివింది, చివరి దాకా పోయి మళ్ళీ పైనుంచి చదివింది.

"ఏమే, థాంక్యూ ఏదీ? కింద పడిపోయిందా? మర్చిపోయావా?"

"లేదు."

"లేదంటే? మర్చిపోలేదా, థాంక్యూ లేదా?"

"రెండూ లేవు లావోన్. ఫోన్ చెయ్యి ఆయనకి, టైమవుతోంది."

లావోన్ అమ్మో అని తనలో తను అనుకుని, అక్కడి నుంచే డెన్వర్‌కి కలిపింది. అవతల మొదటి గంటకే ఎత్తారు. ఒక మగగొంతు అవునవునవును అనడం, లావోన్ ముందు వినండి సార్ పూర్తిగా అనడం, ఇదంతా మార్నా కిటికీ వైపు తిరిగి విన్నది. ఇంకో పన్నెండు సీసాలు సింకులో ఉన్నాయి. ఉండనీ. కోటు వేసుకుంది, గోడకున్న వ్యాసం చించేయాలనిపించింది, చించేయలేదు, పెన్ను తీసి ఆఖరి పేరాలో తన పేరు కింద గీత గీసింది. నల్లసిరా.

తలుపు దగ్గర వీలన్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. ఉత్తరం చదివినట్టే ఉంది మొహం. ఏదో గట్టిగా అనడానికే వచ్చి ఉంటాడు, కోటు చూసి మాట మార్చుకున్నాడు. న్యూజెర్సీ గొంతు మొదటిసారి నెమ్మదించింది.

"పద్నాలుగేళ్ళు, మార్నా. థాంక్యూ. అన్నిటికీ."

ఆ మాటకి ఆ ఒడ్డున ఒకటే జవాబు ఉంది, అందరికీ పుట్టుకతోనే వస్తుంది: అయ్యో, నాకెందుకండీ, నేనే మీకు చెప్పుకోవాలి. దాని కోసమే ఆయన తలుపు పట్టుకుని ఆగాడు. అది విని, తేలికపడి, ఇంటికి పోదామని. లావోన్ కూడా ఫోను మీద చెయ్యి మూసి ఆగింది. జవాబు గొంతు దాకా వచ్చింది, నాలుక మీదికి వచ్చింది, తలుపు తట్టింది. మార్నా తియ్యలేదు.

"ఊఁ," అంది. "మీరు చెప్పాల్సిందే."